మెయిల్ కలిపారు సరే, జవాబెవరిస్తారు?

అన్నవరం కొండ కింద వ్యాపారం చేసుకునేవాళ్లకు ఈ మధ్య ఒక కొత్త ఉపదేశం వినిపిస్తోంది. సత్రం నడిపేవారు, కల్యాణ మండపం ఉన్నవారు, పెళ్లిళ్లకు వంట, పందిరి, మేళం, కార్లు అన్నీ తామే మాట్లాడిపెట్టేవారు, అమెరికా నుంచి వ్రతానికి వచ్చే కుటుంబాలకు స్టేషన్లో దిగింది మొదలు మళ్లీ రైలెక్కేదాకా ఏర్పాట్లు చూసేవారు... ఎవరిని కదిపినా ఇదే మాట: "జీమెయిల్‌ని సీఆర్‌ఎమ్‌కి కలిపేయండి, ఇక ఒక్క పార్టీ కూడా చెయ్యి జారదు." సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు ఈ మాట చెబితే సరే, అది వాళ్ల బతుకుతెరువు. కానీ ఇంజనీరింగ్ చదివిన కొడుకులు, బెంగళూరు నుంచి పండక్కి వచ్చిన అల్లుళ్లు, వ్యాపార పాఠాలు చెప్పే యూట్యూబ్ ఛానెళ్లు కూడా దీన్ని తిరుగులేని సత్యంలా చెబుతున్నారు. కలిపినవాడు కాలంతో నడిచేవాడట, కలపనివాడు వెనకబడినవాడట. ఈ లెక్క తప్పు. ఎందుకు తప్పో ఒక్కొక్కటిగా చెబుతాను.

ముందు ఆ వస్తువేమిటో చూద్దాం. సీఆర్‌ఎమ్ అంటే పార్టీల పేర్లు, ఫోన్ నంబర్లు, వాళ్లకిచ్చిన కొటేషన్లు, రావలసిన బాకీలు, మళ్లీ ఎప్పుడు మాట్లాడాలో ఆ తేదీలు, ఇవన్నీ ఒకచోట ఉంచే సాఫ్ట్‌వేర్. 1993లో మొదలైన సీబెల్ దీన్ని పెద్ద కంపెనీలకు అమ్మింది. 1999లో పుట్టిన సేల్స్‌ఫోర్స్ ఇంటర్నెట్ మీద అద్దెకిచ్చింది. మన పక్క చెన్నైలో ఉన్న జోహో 2005లో తన సీఆర్‌ఎమ్ తెచ్చి, చిన్న వ్యాపారి చేతికి కూడా అందేలా చేసింది. మెయిల్ కలపడమంటే మీ మెయిల్‌బాక్స్ తలుపు ఈ సాఫ్ట్‌వేర్‌కి తెరిచిపెట్టడం. వచ్చిన ప్రతి మెయిల్, పోయిన ప్రతి మెయిల్ అది చూస్తుంది. అందులోని అడ్రసు తన దగ్గరున్న పేర్లలో ఎవరికైనా సరిపోతే, ఆ మెయిల్‌ని వాళ్ల పేరు కింద చేర్చేస్తుంది. ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు. అడ్రసుకు అడ్రసు సరిచూడటమే దాని పని.

మొదటి వాదన: "కలిపితే ఏ ఎంక్వైరీ తప్పిపోదు." అసలు తప్పిపోయేది మెయిల్లోనా? ఒక పెళ్లి సంగతి దగ్గరగా చూద్దాం. పిల్ల డల్లాస్‌లో ఉద్యోగం చేస్తోంది. మాఘమాసంలో పెళ్లి, మర్నాడు కొండమీద వ్రతం అనుకున్నారు. పిల్ల పద్ధతిగా మెయిల్ రాసింది: రెండు వందల మంది, ముప్పై గదులు, రెండు పూటలా భోజనం, రేటు చెప్పండి. సత్రం వాళ్లు ప్లేటు 450 అని జవాబు పెట్టారు. మర్నాడు పొద్దున్నే కాకినాడ నుంచి తండ్రి ఫోను.

"ఏవండీ, మా అమ్మాయి ఏదో మెయిల్ పెట్టిందంట కదా. అదలా ఉంచండి. రేటు సంగతి నాతో మాట్లాడండి."

"ఆయ్, చెప్పండి బాబాయ్ గారూ."

పావుగంట మాట్లాడుకున్నాక ప్లేటు 410కి దిగింది, పూతరేకు ఒకటి ఎక్కువైంది. వారం తిరక్కుండా పిల్ల మేనమామ తుని వెళుతూ దారిలో ఆగి అడ్వాన్సు ఇచ్చాడు, రసీదు తన పేరు మీద రాయించుకున్నాడు. మగపెళ్లివారు తణుకు నుంచి వాట్సాప్‌లో గదుల లిస్టు పంపారు. గోత్రాలూ పేర్లూ పిల్ల తల్లి వాయిస్ మెసేజిలో చెప్పింది. పెళ్లి అయ్యేసరికి మెయిల్స్ మూడో నాలుగో ఉంటాయి. మిగతా వ్యవహారమంతా ఫోన్ల మీద, వాట్సాప్‌లో, సత్రం అరుగు మీద నడిచింది.

ఇప్పుడు మెయిల్ కలిపిన సీఆర్‌ఎమ్‌లో ఏముంది? ప్లేటు 450 అని ఉంది. రెండు వందల మంది అని ఉంది. పెళ్లి నాటికి కౌంటర్లో కూర్చున్న కొత్త కుర్రాడు కంప్యూటర్లో చూసి 450 చొప్పున బిల్లు కొట్టాడు. పిల్ల తండ్రి నలుగురిలో అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. కుర్రాడి తప్పు లేదు, అతను రికార్డే చూశాడు. సగం రికార్డు పూర్తి రికార్డులా కనిపించడం వల్ల వచ్చిన తంటా ఇది. రికార్డు అసలు లేకపోతే ఆ కుర్రాడు యజమానిని అడిగేవాడు. సగం ఉండబట్టే అడగలేదు. మెయిల్ కలపమని చెప్పేవాళ్లెవరూ ఈ ప్రమాదం మాటెత్తరు.

"అయితే వాట్సాప్‌నీ, ఫోన్ కాల్స్‌నీ కూడా కలిపేద్దాం" అంటారు వెంటనే. కలపవచ్చు, దానికీ సాఫ్ట్‌వేర్లున్నాయి. కానీ అరుగు మీద మేనమామ చెప్పిన మాటను ఏ తీగతో కలుపుతారు? ఎక్కడో ఒకచోట మనిషి కూర్చుని "ఫోన్లో 410కి ఒప్పుకున్నాం, పూతరేకు అదనం" అని ఒక లైను రాయాల్సిందే. ఆ లైను రాసే అలవాటు ఉన్న దుకాణానికి మెయిల్ కలపకపోయినా ఫర్వాలేదు. ఆ అలవాటు లేని దుకాణానికి మెయిల్ కలిపినా ఒరిగేదేమీ లేదు.

రెండో వాదన: "పార్టీ చరిత్రంతా ఒక్క తెర మీద కనిపిస్తుంది." పార్టీ అంటే ఎవరు? సీఆర్‌ఎమ్ దృష్టిలో పార్టీ అంటే ఒక మెయిల్ అడ్రసు. అన్నవరంలో పార్టీ అంటే ఒక కుటుంబం. వ్రతానికి పీటల మీద కూర్చునేదే దంపతులు, ఒక్కరు కాదు. రాసేది కూతురు, బేరమాడేది తండ్రి, డబ్బు కట్టేది మేనమామ, చివరి మాట చెప్పేది నాయనమ్మ. ఈ నలుగుర్నీ సాఫ్ట్‌వేర్ నాలుగు ముక్కలు చేసి నాలుగు పేర్ల కింద పెడుతుంది. పిల్ల ఆఫీసు మెయిల్ నుంచి ఒకసారి, సొంత మెయిల్ నుంచి ఒకసారి రాస్తే ఐదు ముక్కలవుతుంది. ట్రావెల్ ఏజెంటు ఒకే అడ్రసు నుంచి పది కుటుంబాల తరఫున రాస్తే మాత్రం పది పెళ్లిళ్లూ ఒకే పేరు కింద కలగాపులగం అవుతాయి. ఒక్క తెర మీద కనిపించేది చరిత్ర కాదు, గందరగోళం.

దీనికి విరుగుడు మన సత్రాల్లో ఎప్పటినుంచో ఉంది. పాత సత్రం గుమాస్తా పెద్ద పుస్తకం తెరిస్తే అందులో పేజీ తేదీ మీద ఉంటుంది, పేరు మీద కాదు. ఫలానా ముహూర్తం, ఆ రోజు హాలు ఎవరిది, గదులెన్ని, అడ్వాన్సు ఎంత, తెచ్చింది ఎవరు, మాట్లాడింది ఎవరు. మేనమామ వచ్చినా, తండ్రి ఫోన్ చేసినా, పిల్ల మెయిల్ రాసినా అన్నీ ఆ ఒక్క పేజీలోకే వస్తాయి. కార్తీకంలో వ్రతాల రద్దీ, ఆషాఢంలో ఖాళీ, మూఢం వస్తే పుస్తకం మూత. ఇక్కడి వ్యాపారానికి ఇరుసు తిథి. మంచి సీఆర్‌ఎమ్‌ని కూడా అలా అమర్చుకోవచ్చు. పెళ్లినే ఒక డీల్‌గా పెట్టి, ముహూర్తం తేదీని దాని పేరులోనే చేర్చి, నలుగురు మనుషుల్నీ దానికి జత చేయవచ్చు. కానీ అది కూర్చుని చేయాల్సిన పని. మెయిల్ కలిపే బటన్ నొక్కితే దానంతట అది జరగదు. నొక్కగానే జరిగేది అడ్రసులు పోగుపడటమే.

ఆ పోగుపడటం కూడా ఎలా ఉంటుందో చూడాలి. మెయిల్ రాసిన ప్రతివాణ్నీ కొత్త పేరుగా చేర్చుకునే సదుపాయం చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది. అది ఆన్ చేసి నెల తరవాత చూస్తే మీ పార్టీల జాబితాలో బ్యాంకు ఉంటుంది, కరెంటు ఆఫీసు ఉంటుంది, ఐఆర్‌సీటీసీ ఉంటుంది, పిల్లాడి కాలేజీ ఉంటుంది, లాటరీ తగిలిందని రాసే మోసగాడు ఉంటాడు. దాని మీద ఆటోమేటిక్ మెయిల్స్ కూడా పెట్టి ఉంటే, కరెంటు ఆఫీసుకు "మీ ఇంట శుభకార్యానికి మమ్మల్ని గుర్తుంచుకోండి" అని ఒక ఆహ్వానం వెళుతుంది. నవ్వొచ్చే సంగతే, కానీ ఇందులో నష్టమూ ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ మెయిల్ పంపేవాళ్లకు నియమాలు బిగించాయి. పంపేవాడి డొమైన్ అసలుదేనని రుజువులుండాలి. గుంపుగా పంపేవాళ్లయితే, స్పామ్ అని ఫిర్యాదు చేసేవాళ్లు నూటికి 0.3 దాటకూడదు. అక్కర్లేనివాళ్లకు అక్కర్లేని మెయిల్స్ పంపి పేరు చెడగొట్టుకుంటే, రేపు నిజంగా పెళ్లి మాట్లాడుకున్న పార్టీకి మీరు రాసిన జవాబు కూడా వాళ్ల స్పామ్ పెట్టెలో పడుతుంది. ఒక్క మెయిల్ కూడా జారకూడదని కలిపితే, అసలు మెయిలే జారిపోయింది.

మూడో వాదన: "సిబ్బంది అందరికీ అన్నీ కనిపిస్తాయి, కాబట్టి ఎవరో ఒకరు జవాబిస్తారు." ఈ 'ఎవరో ఒకరు' దగ్గరే వస్తుంది చిక్కు. పదిమంది చేరితే పాము చావదని మనవాళ్లు ఊరికే అనలేదు. ఒక మెయిల్ ఒక్కడికే వస్తే అతను జవాబివ్వకపోతే దొరికిపోతాడు. ఐదుగురికి కనిపిస్తే ప్రతివాడూ పక్కవాడు ఇచ్చి ఉంటాడనుకుంటాడు. లేదంటే ఇద్దరు రెండు రేట్లు చెబుతారు. కనిపించడం వేరు, పూచీ పడటం వేరు. ఈ మెయిల్ ఫలానా వాడిది, ఈ సాయంత్రంలోగా జవాబు అతనే ఇవ్వాలి అని యజమాని పేరు పెట్టి చెప్పనంతవరకు ఏ తెరా పని చెయ్యదు. అలా చెప్పే యజమానికి తెర లేకపోయినా పని జరుగుతుంది.

అందరికీ అన్నీ కనిపించడం మంచిదేనా అన్నది ఇంకో ప్రశ్న. చిన్న వ్యాపారాల్లో దుకాణానికో మెయిల్, ఇంటికో మెయిల్ అని ఉండవు. పదిహేనేళ్ల కిందట తెరిచిన ఒకే జీమెయిల్. అందులో సత్రం బుకింగులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, భార్య స్కానింగ్ రిపోర్టు, తమ్ముడితో ఆస్తి తగాదా మీద లాయరుకు రాసిన ఉత్తరం అన్నీ ఉంటాయి. లాయరు తన కూతురి పెళ్లికి మీ మండపమే తీసుకున్నాడనుకోండి, అప్పుడు లాయరు కూడా పార్టీయే. అడ్రసు సరిపోయింది కాబట్టి ఆస్తి తగాదా ఉత్తరం వెళ్లి పెళ్లి రికార్డులో కూర్చుంటుంది. కౌంటర్లో కుర్రాడు చదువుకుంటాడు. దీన్ని ఆపే సెట్టింగులు లేకపోలేదు. ఫలానా అడ్రసులు తీసుకోవద్దని చెప్పవచ్చు, నా మెయిల్స్ నాకే కనిపించాలని పెట్టవచ్చు. కానీ బటన్ నొక్కమని ఉత్సాహపరిచేవాళ్లు ఆ పేజీ దాకా మనల్ని తీసుకెళ్లరు.

నాలుగో వాదన అందరికీ బాగా నచ్చేది: "సాఫ్ట్‌వేర్ గుర్తుచేస్తుంది, మనం మరిచిపోము." దీనికి జవాబు ఎక్కడో వెతకనక్కర్లేదు, రోజూ కొండమీద మైకులో వినిపిస్తూనే ఉంది. సత్యనారాయణ వ్రతకథలో షావుకారు సంతానం కలిగితే వ్రతం చేస్తానన్నాడు. కళావతి పుట్టింది. భార్య లీలావతి వ్రతం సంగతి గుర్తుచేసింది. పిల్ల పెళ్లికి చేద్దాంలే అన్నాడు. పెళ్లీ అయింది, వ్రతం మాత్రం కాలేదు. అతనికి రిమైండర్ లేకనా? రిమైండర్ ఇంట్లోనే ఉంది, నోరు తెరిచి చెప్పింది కూడా. అతను దాన్ని వాయిదా వేశాడు, అంతే. ఇవాళ తెర మీద ఎర్రగా మెరిసే రిమైండర్‌ని 'రేపు గుర్తుచెయ్యి' అని తోసేసే ప్రతి వ్యాపారీ ఆ షావుకారు వంశంవాడే. గుర్తుచేసేవాళ్లు లేక చెడిన పనులకన్నా, గుర్తుచేసినా చెయ్యక చెడినవే ఎక్కువ.

గుర్తుచేయడం మనిషి మీద వదిలినా ఫర్వాలేదు కానీ, యంత్రమే నేరుగా పార్టీకి రాస్తే అసలు ప్రమాదం అక్కడుంది. పిల్ల తాతగారు పోయారు. తండ్రి ఫోన్ చేసి, "మైల వచ్చిందండి, పెళ్లి వాయిదా వేసుకున్నాం" అన్నాడు. ఫోన్ ఎత్తిన పెద్దాయన రెండు ఓదార్పు మాటలు చెప్పి, పుస్తకంలో తేదీ కొట్టేశాడు. మెయిల్‌కి కలిపిన సాఫ్ట్‌వేర్‌కి ఆ ఫోను సంగతి తెలీదు. అది నాలుగో రోజు పిల్లకు రాసింది: "అభినందనలు! మీ శుభముహూర్తానికి ఇంకా 15 రోజులే. బ్యాలెన్సు చెల్లించి గదులు ఖాయం చేసుకోండి." పక్కనే పూలదండ బొమ్మ. ఆ కుటుంబం మళ్లీ మీ గడప తొక్కుతుందా? తొక్కదు సరికదా, తాము వెళ్లే ప్రతి పెళ్లిలో ఈ కథ చెబుతుంది. మన దగ్గర వ్యాపారం నోటి మాట మీద నడుస్తుంది. బంధువుల్లో పేరు పోతే ఏ ప్రకటనా తిరిగి తేలేదు.

ఐదోది, అమ్మేవాళ్లు ఒక్క ముక్కలో తేల్చేసేది: "భద్రతకు ఢోకా లేదు, పాస్‌వర్డ్ కూడా ఇవ్వక్కర్లేదు." ఇందులో సగం నిజం ఉంది, ఒప్పుకోవాలి. ఒకప్పుడు ఇలాంటి సాఫ్ట్‌వేర్లకు మెయిల్ పాస్‌వర్డ్ రాసి ఇచ్చేవాళ్లం. ఇప్పుడు గూగుల్ దగ్గరికే తీసుకెళ్లి అనుమతి అడుగుతాయి, పాస్‌వర్డ్ వాళ్ల చేతికి పోదు. 2022లో వ్యక్తిగత ఖాతాలకు గూగుల్ ఆ పాత దారి మూసేసింది కూడా. ఇది మేలే. కానీ అనుమతి అడిగే ఆ తెర మీద ఏముంటుందో ఎంతమంది చదివారు? పూర్తి అధికారం కోరే సాఫ్ట్‌వేర్ అయితే అక్కడ రాసి ఉంటుంది: మీ జీమెయిల్‌లోని మెయిల్స్ అన్నీ చదవడానికి, రాయడానికి, పంపడానికి, శాశ్వతంగా తుడిచెయ్యడానికి అనుమతి. ఇన్ని అధికారాలు మనం సొంత తమ్ముడికి కూడా ఇవ్వం. అక్కడ 'అలౌ' నొక్కగానే ఆ సాఫ్ట్‌వేర్ చేతికి ఒక టోకెన్ వెళుతుంది. పాస్‌వర్డ్ లేకుండా, ఫోనుకు ఓటీపీ రాకుండా, మీరు నిద్రపోతున్నప్పుడు కూడా మెయిల్‌బాక్స్ తెరిచే తాళంచెవి అది.

ఆ తాళంచెవులు దొంగల చేతిలో పడితే ఏమవుతుందో 2025 ఆగస్టులో లోకం చూసింది. సేల్స్‌లాఫ్ట్ అనే కంపెనీకి చెందిన డ్రిఫ్ట్ అనే సాఫ్ట్‌వేర్ నుంచి సరిగ్గా ఈ టోకెన్లనే దొంగిలించారు. వాటితో వందల కంపెనీల సేల్స్‌ఫోర్స్ ఖాతాల్లోకి దూరి డేటా లాగారు. బాధితుల్లో క్లౌడ్‌ఫ్లేర్, జీస్కేలర్, పాలో ఆల్టో నెట్‌వర్క్స్ ఉన్నాయి. ఇవన్నీ లోకానికి భద్రత అమ్మే కంపెనీలు. డ్రిఫ్ట్‌కు మెయిల్ కలిపి ఉంచిన కొద్దిపాటి గూగుల్ వర్క్‌స్పేస్ ఖాతాల్లో మెయిల్స్ కూడా చూశారని గూగులే చెప్పింది. సేల్స్‌ఫోర్స్ గోడ బద్దలు కాలేదు, గూగుల్ గోడా బద్దలు కాలేదు. రెంటినీ కలిపిన తీగ దగ్గర దొంగలు పడ్డారు. అంతంత కంపెనీలకే తమ తీగలు ఎక్కడెక్కడికి పోయాయో లెక్క పెట్టుకోవాల్సి వచ్చింది. కొండ కింద సత్రం వాళ్లు ఎప్పుడో ఉచిత ట్రయల్‌కి కలిపి, నచ్చక వదిలేసిన సాఫ్ట్‌వేర్ టోకెన్ ఇప్పటికీ బతికే ఉందేమో ఎవరు చూశారు?

ఆ మెయిల్‌బాక్స్‌లో ఏముంటుందో కూడా తలుచుకోండి. గదుల కోసం పంపిన ఆధార్ కాపీలు, విదేశాల నుంచి వచ్చేవాళ్ల పాస్‌పోర్టు పేజీలు, ఇంటిల్లిపాది పేర్లు, గోత్రాలు, పుట్టిన నక్షత్రాలు, ఏ తేదీన ఇల్లు తాళం వేసి పెళ్లికి వస్తారో ఆ వివరం. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది, 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. ఏ పనికోసం అడిగి తీసుకున్న వివరాన్ని ఆ పనికే వాడాలన్నది దాని మూలసూత్రం. గది కోసం ఇచ్చిన ఆధార్ మీ ప్రచార జాబితాలో చేరడానికి ఇచ్చింది కాదు. ఇంకో ముఖ్యమైన సంగతి: మీ తరఫున వేరే కంపెనీ ఆ డేటాను చూసుకుంటున్నా, చట్టం ముందు జవాబుదారీ మీరే. భద్రత విషయంలో నిర్లక్ష్యానికి జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెయ్యవచ్చు. చిన్న సత్రానికి అంత వేస్తారని కాదు. సాఫ్ట్‌వేర్ కంపెనీ మీదికి నెట్టేసి చేతులు దులుపుకోవడం మాత్రం కుదరదు.

చివరి వాదన: "పెద్ద కంపెనీలన్నీ ఇలాగే చేస్తున్నాయి కదా!" చేస్తున్నాయి. ఎందుకు చేస్తున్నాయో చూడాలి. ఊరూరా తిరిగే వందల మంది సేల్స్ మనుషులు ఎవరితో ఏం మాట్లాడారో పై అధికారికి తెలియాలి, వాళ్లు ఉద్యోగం మానేస్తే పార్టీలు వాళ్లతో పోకూడదు. సీఆర్‌ఎమ్ పుట్టింది ఈ అవసరం కోసం. అలాంటి అవసరం మన గోదావరి జిల్లాల్లోనూ ఉంది. కాకినాడ, భీమవరం నుంచి విదేశాలకు రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీని తీసుకోండి. కొనేవాడు అమెరికాలో ఉంటాడు, ఆర్డరు మెయిల్లో వస్తుంది, రేటు మెయిల్లో తేలుతుంది, ల్యాబ్ రిపోర్టు, కంటైనర్ నంబరు, బ్యాంకు కాగితాలు అన్నీ మెయిల్లోనే నడుస్తాయి. తేడా వస్తే ఆ మెయిలే సాక్ష్యం. కొనేవాడు ఏటా మళ్లీ మళ్లీ కొంటాడు. అక్కడ అమ్మకాల మెయిల్‌ని సీఆర్‌ఎమ్‌కి కలపడం తెలివైన పని. వద్దనేవాడికి వ్యాపారం తెలియదనే అంటాను.

కొండ కింద వ్యాపారం వేరు. ఇక్కడ మాట నోటితో నడుస్తుంది, కాగితం దాని వెనక వస్తుంది. ఒక ఇంట్లో పెళ్లి ఎప్పుడో గానీ రాదు. మళ్లీ వచ్చేది ఆ మనిషి కాదు, ఆ మనిషి చెబితే వచ్చే బంధువు. కడియం నర్సరీల సంగతీ దాదాపు ఇదే. మొక్క ఫొటో వాట్సాప్‌లో పోతుంది, బేరం ఫోన్లో తెగుతుంది, లారీ లోడవుతుంది. వాళ్లను పట్టుకుని ముందు మెయిల్ కలపండి అనడం పులిని చూసి నక్క వాత పెట్టుకోమన్నట్టే.

అయితే ఏమీ వద్దా? సాఫ్ట్‌వేరే వద్దని నేననడం లేదు. మెయిల్‌బాక్స్ మొత్తం కలపవద్దు అంటున్నాను. బుకింగులకు ఒక మెయిల్ అడ్రసు వేరుగా తెరవండి. సొంత డొమైన్ మీద ఉంటే మరీ మంచిది, గుమాస్తా మానేసినా అడ్రసు దుకాణంలోనే ఉంటుంది. ఇంటి మెయిల్‌ని ఏ సాఫ్ట్‌వేర్‌కీ కలపకండి. బుకింగు మెయిల్‌ని కూడా మొత్తంగా కలపనక్కర్లేదు. చాలా సీఆర్‌ఎమ్‌లు ఒక ప్రత్యేక అడ్రసు ఇస్తాయి, ముఖ్యమైన జవాబు రాసేటప్పుడు బీసీసీలో దాన్ని పెడితే ఆ ఒక్క మెయిలే రికార్డులోకి వెళుతుంది. "మనిషి పెట్టడం మరిచిపోతాడు కదా" అంటారు. మరిచిపోతాడు, నిజమే. కానీ ఏది దాచదగ్గదో ఒక్క క్షణం ఆలోచించి పెట్టిన పది మెయిల్స్, ఆలోచించకుండా వచ్చిపడిన పదివేల మెయిల్స్‌కన్నా పనికొస్తాయి. కొత్త పేర్లు తమంతట తాము చేరే సదుపాయం ఆపెయ్యండి. పార్టీకి యంత్రం నేరుగా రాసే సదుపాయం ఆపెయ్యండి, గుర్తుచేస్తే మీకు గుర్తుచేయమనండి. ప్రతి పెళ్లికీ తేదీ మీద ఒక రికార్డు, దానిమీద మీ వాళ్లలో ఒకరి పేరు. ఫోన్ పెట్టెయ్యగానే రెండు లైన్లు రాయడం నియమంగా పెట్టుకోండి. కార్యం అయిపోయాక, లెక్కలకూ చట్టానికీ అక్కర్లేని ఆధార్, పాస్‌పోర్టు కాపీలు తుడిచెయ్యండి. గూగుల్ ఖాతాలో మీ మెయిల్‌కి ఏయే సాఫ్ట్‌వేర్లకు అనుమతి ఉందో చూపించే పేజీ ఉంది. ఆషాఢంలో ఎలాగూ ఖాళీయే, ఆ జాబితా తెరిచి అక్కర్లేనివన్నీ తీసెయ్యండి.

ఈ పనుల్లో ఏదీ కలిపే బటన్ నొక్కినంత తేలిక కాదు. ఆ బటన్‌కి అంత గిరాకీ ఉన్నది కూడా ఇందుకే. మాట ఎవరిస్తారు, ఇచ్చిన మాట ఎవరు రాసిపెడతారు, తేడా వస్తే పార్టీ ముందు ఎవరు నిలబడతారు అన్న ప్రశ్నలకు జవాబు చెప్పకుండానే పని అయిపోయిందన్న తృప్తిని అది ఇస్తుంది. ఇల్లు అలకగానే పండగైపోయిందనుకోవడమంటే ఇదే. ఈసారి ఎవరైనా మీ దుకాణానికి వచ్చి మెయిల్ కలిపిపెడతానంటే, నెల అద్దె ఎంతో తరవాత అడగండి. ఫోన్లో కుదిరిన రేటు ఇందులోకి ఎలా వస్తుంది, పెళ్లి వాయిదా పడితే దీనికి ఎవరు చెబుతారు, మా ఇంటి మెయిల్స్ ఇందులోకి రాకుండా ఎక్కడ ఆపాలి అని ముందు అడగండి. మూడోదానికి అతను సెట్టింగు చూపిస్తాడు. మొదటి రెండింటికీ జవాబు అతని దగ్గర లేదు, మీ దగ్గరే ఉండాలి. అది ఉన్న వ్యాపారి మెయిల్ కలిపినా కలపకపోయినా నిలబడతాడు. అది లేని వ్యాపారికి రికార్డు భద్రంగా మిగులుతుంది, పెళ్లి పక్క సత్రానికి పోతుంది.